పహిలా కాకా

ఔరాద్ బస్టాండు దగ్గరి చాయ్ హోటల్లో గోడకానుకొని ఒక కుర్చీ ఉంటుంది. సాయంత్రం నాలుగు దాటాక కొత్తవాళ్లెవరైనా అందులో కూర్చుంటే హోటల్ కుర్రాడే వచ్చి లేపుతాడు. ఆ కుర్చీ కాకాది. అసలు పేరు మనకెందుకు గానీ, నేను పెట్టుకున్న పేరు పహిలా కాకా. ఇలాంటి మనిషి ఊరికొకడు ఖాయంగా ఉంటాడు. ఔరాద్‌లో ఇద్దరున్నారని కూడా అంటారు. కాకానడిగితే ఆ రెండోవాడిలో సరుకు లేదంటాడు.

ఊరు బీదర్ జిల్లాకు ఉత్తరపు కొసన ఉంటుంది. ఒక పక్క మహారాష్ట్ర, ఇంకో పక్క తెలంగాణ, కట్టేది కర్ణాటక పన్ను. కందులు తూచేటప్పుడు కన్నడం, బేరం తెగేటప్పుడు మరాఠీ, కోపమొస్తే ఉర్దూ, ఇంటికొచ్చి నిట్టూర్చేటప్పుడు తెలుగు. కాకా ఏ భాషలో మొదలుపెట్టినా బండి ఆగేది ఒక్క మాట దగ్గరే: "పహిలాదే బాగుండె."

పహిలాది అంటే మొదటిది. దేంట్లో మొదటిది అన్న పట్టింపు లేదు. చాయ్ తాగితే మొదటి గుక్క బాగుండె. మామిడికాయ పచ్చడి పెడితే పోయినేటి జాడీ బాగుండె. కాకాకు ఇద్దరల్లుళ్లు. చిన్నవాడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ నెలనెలా ఫోన్ చేస్తాడు, కాకా కళ్ల ఆపరేషన్ కూడా వాడే చేయించాడు. పెద్దవాడు ఇటువైపు వచ్చి నాలుగేళ్లయింది. అయినా కాకా ఏమంటాడో తెలుసా? "చిన్నోడు మంచోడే బిడ్డా, గని పెద్దల్లుడు నన్ను జూస్తే ఎట్ల లేచి నిలబడుతుండె!"

చరిత్రను కూడా కాకా సినిమా లెక్కనే చూస్తాడు. హైదరాబాద్ సంస్థానం ఒరిజినల్. 1956 నవంబర్ 1న బీదర్ జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసింది కాబట్టి అది సీక్వెల్. 1973లో మైసూరు కాస్తా కర్ణాటక అయింది, అంటే పేరు మార్చి మళ్లీ రిలీజ్. 2019లో హైదరాబాద్ కర్ణాటకను కళ్యాణ కర్ణాటక అన్నారు. ఈ కళ్యాణం పెళ్లి కాదు, మా జిల్లాలోనే ఉన్న బసవకళ్యాణ్, ఒకప్పటి చాళుక్యుల రాజధాని. "ముందుకు పోతున్నం అనుకుంట ఎనిమిది వందల ఏండ్లు ఎనుకకు పోయి పేరు తెచ్చుకున్నరు," అన్నాడు కాకా. అంతదాకా బాగానే ఉంది. అయితే ఒరిజినల్ గురించి అంత గట్టిగా చెప్పే కాకా పుట్టింది, నిజాం గద్దె దిగిన ఇరవై ఏళ్లకు.

ఒకసారి ఇరికిద్దామని అడిగాను. "బహమనీలు గుల్బర్గా నుంచి రాజధానిని బీదర్‌కు తెచ్చిండ్రు గదా కాకా? మరి బీదర్ సీక్వెలేనా?"

కాకా చాయ్ కప్పు కింద పెట్టాడు. ఊరి పరువు, సిద్ధాంతం ఒకదానికొకటి అడ్డం పడ్డాయి. చాలాసేపటికి, "అది మకాం మార్చుడు. సీక్వెల్ అంటే వాళ్ల తర్వాతొచ్చిన బరీద్‌షాహీ," అని బయటపడ్డాడు.

ఇంక అసలు సినిమాల సంగతికొస్తే, కాకాకు రెండో భాగాలన్నీ ఒక ఎత్తు, కాలంలో వెనకకూ ముందుకూ తిరిగే నవ్వుల సినిమాల రెండో భాగాలు ఒక్కటీ ఒక ఎత్తు. వాటి పేరెత్తితే కాకా కుర్చీలోంచి సగం లేస్తాడు. మొదటి సాక్ష్యం 'యమలీల'. 1994లో ఎస్వీ కృష్ణారెడ్డి తీశాడు. రేపు జరగబోయేది ముందే రాసిపెట్టిన యమలోకపు పుస్తకం జారి భూమ్మీద అలీ చేతిలో పడుతుంది. యంత్రం లేదు, చక్రం లేదు, పుస్తకం తిప్పితే రేపు కనపడుతుంది. ఇంత చవకైన కాలప్రయాణం ఇంకెక్కడుంది? యముడుగా కైకాల సత్యనారాయణ, చిత్రగుప్తుడుగా బ్రహ్మానందం. ఇరవై ఏళ్లకు, 2014లో, అదే దర్శకుడు 'యమలీల 2' తీశాడు. యముడుగా మోహన్‌బాబు వచ్చాడు, హీరో కొత్తవాడు, చిత్రగుప్తుడు మాత్రం పాతవాడే. సినిమా నిలబడలేదు. "లెక్కలు రాసెటోడు పాతోడే ఉన్నడు, లెక్క మాత్రం తప్పింది," అని కాకా తీర్పు. సినిమా వచ్చిన వారంలోనే చూశాడు. నచ్చదని తెలిసి ఎందుకు పోయావు కాకా అంటే, "చూడకుంట ఎట్ల తిడ్తం? అన్యాయం గాదా?" అన్నాడు.

రెండో సాక్ష్యం చిన్నల్లుడు ఫోన్‌లో చూపించినది. వేడినీళ్ల తొట్టిలో కూర్చున్న నలుగురు అమెరికావాళ్లు 1986లో తేలతారు. 'హాట్ టబ్ టైమ్ మెషీన్', 2010లో వచ్చింది. 2015లో రెండోది వచ్చింది, అందులో భవిష్యత్తుకు పోతారు. మొదటిదాంట్లో ముందు నిలబడ్డ జాన్ క్యూసాక్‌కు రెండోదాంట్లో ప్రధాన పాత్రే లేదు. కాకా రెండూ చూసి, "పెండ్లికొడుకు లేకుంట రెండో పెండ్లి జేసిండ్రు," అన్నాడు. ఆ తర్వాత ఆయనకు సినిమా కన్నా తొట్టి మీద ధ్యాస మళ్లింది. నల్లా నీళ్లు వచ్చే రోజు చూసుకొని స్నానం చేసే ఊళ్లో తొట్టి కాలయంత్రమయ్యే పని కాదని తేల్చాడు. అది నిజమే. ఔరాద్‌కు ఇప్పటికీ రైలే రాలేదు, రైలెక్కాలంటే కమల్‌నగర్‌కో బీదర్‌కో పోవాలి. కాలయంత్రం మాత్రం నేరుగా బస్టాండులో దిగుతుందా?

కాకా కోపంలో కొంత న్యాయం లేకపోలేదు. ఈ రకం సినిమాలో నవ్వంతా తెలియనితనంలో ఉంటుంది. కొత్త కాలంలో దిగినవాడికి అక్కడి మర్యాద తెలియదు, మాట తెలియదు, డబ్బు చెల్లదు. రెండోసారి వాడికి దారి తెలుసు, మనకూ తెలుసు. అత్తగారింటికి రెండోసారి వచ్చిన అల్లుడికి నీళ్లచెంబు ఎక్కడుందో చూపించాలా? 'బ్యాక్ టు ద ఫ్యూచర్' వాళ్లు ఈ చిక్కు ముందే పసిగట్టారు. 1989లో వచ్చిన రెండో భాగంలో హీరోను తీసుకుపోయి 1985 నాటి మొదటి భాగపు సన్నివేశాల వెనకాలే నక్కబెట్టారు. నాకది గొప్ప తెలివి అనిపించింది. కాకాకు చెబితే, "అంటే మొదటి సినిమానే మళ్ల జూపిచ్చిండ్రు. నేను జెప్పిందీ అదే గదా," అన్నాడు.

పైగా ఆయన వెనక పురాణం కూడా ఉంది. రైవతుడనే రాజు కూతురు రేవతికి వరుణ్ణి అడగడానికి బ్రహ్మలోకం పోయి, అక్కడి పాట అయ్యేదాకా ఆగి తిరిగొచ్చేసరికి భూమ్మీద ఇరవై ఏడు మహాయుగాలు గడిచిపోయాయి. అప్పటి మనుషులు పొట్టివాళ్లయిపోయారు. పెళ్లికూతురు పొడుగు చూసి బలరాముడు నాగలి కొసతో ఆమెను తన ఎత్తుకు దించుకున్నాడని విష్ణుపురాణం. "చూసినవా? మనుషులే పహిలా పార్ట్‌ల పొడుగు, రెండో పార్ట్‌ల పొట్టి. దేవుడే సరిగ్గ తియ్యలేదు, మనోళ్లేం తీస్తరు?" ఈ ముక్క దగ్గర హోటల్లో అందరూ తలాడిస్తారు.

ఇంతకీ కాకా కొలతబద్ద ఏది? 'ఆదిత్య 369'. సింగీతం శ్రీనివాసరావు, బాలకృష్ణ, ఇళయరాజా సంగీతం, 1991 జూలై. ప్రొఫెసర్ చేసిన యంత్రమెక్కి జనం 1526లో శ్రీకృష్ణదేవరాయల కొలువులో దిగుతారు. హంపి కర్ణాటకలో ఉంది కాబట్టి కాలయంత్రం మన రాష్ట్రానికే వచ్చిందని కాకాకు ఇప్పటికీ గర్వం. ఆ సినిమాతో పోలిస్తే ఏదీ సరిపోదు. పాతికేళ్లుగా వింటున్న నేను ఒకరోజు, యంత్రం అటు తర్వాత 2504కు పోతుంది కదా, ఆ భాగం కూడా నచ్చిందా అని అడిగాను.

"ఏ భాగం?"

"భవిష్యత్తుకు పోతరు గదా కాకా."

కాకా ముఖంలో ఏమీ కదల్లేదు. తర్వాత కొంచెం కొంచెంగా బయటపడింది. ఆయన దాన్ని చూసింది థియేటర్లో కాదు, వీసీఆర్ కిరాయికి తెచ్చుకొని దోస్తు ఇంటి వాకిట్లో. పదిహేనుమంది, ఒక టీవీ, తలా ఇన్ని పైసలు. రాయలవారి కాలం నుంచి యంత్రం బయల్దేరే వేళకు కరెంటు పోయింది. గంటసేపు చూశారు, రాలేదు. పొద్దున్నే క్యాసెట్ తిరిగి ఇచ్చేశారు, ఆలస్యమైతే రెండో రోజు కిరాయి పడుతుంది మరి. ముప్ఫై నాలుగేళ్లుగా ఔరాద్ బజారులో సీక్వెళ్లన్నిటినీ కొట్టిపారేసిన ఆ ఒరిజినల్‌ను కాకా చూసింది ఇంటర్వెల్ దాటి ఇంకొంత.

2025 ఏప్రిల్‌లో ఆ సినిమాను 4కేలో మెరుగులు దిద్ది మళ్లీ విడుదల చేశారు. చిన్నల్లుడు పట్టుబట్టి మామను హైదరాబాద్‌లో చూపించాడు. కాకా తిరిగొచ్చిన సాయంత్రం హోటల్లో జనం ఎక్కువే. నేనూ పోయాను.

"ఎట్లున్నది కాకా?"

"మొదట బాగనే పోయింది," అన్నాడు కాకా. "రాయలోరి కత అయిపోయినంక వీళ్లు ఏదో కొత్తగ కలిపిండ్రు. భూమి కింద ఇండ్లట, మిషన్లట. ఒరిజినల్‌ల అది లేకుండె."

"అదే ఒరిజినల్, కాకా! అప్పుడు కరెంటు పోయె గదా!"

"కరెంటు పోయింది నాకు ఎర్కలేదా? కరెంటు పోయినప్పుడే మస్తుగుండె." అటు తిరిగి కుర్రాడికి ఇంకో చాయ్ చెప్పాడు. "పదిహేనుమందిమి చీకట్ల కూసొని, యంత్రం ఎక్కడికి పోయి ఉంటదో తలా ఒకటి చెప్పినం. ఒకడు నిజాం కాలమన్నడు, ఇంకోడు రామాయణం అన్నడు. నేనైతే వీళ్లు దారి తప్పి బీదర్ కోటల దిగుతరు అన్న. అమీర్ బరీద్ పట్టుకుంటడు అన్న. గది కత! దానికి వీళ్లు తీసింది ఎక్కడ సరిపోతది?"

నిజమే, 1526లో బీదర్‌ను నడిపిస్తున్నది అమీర్ బరీదే. కాకా తేదీ కూడా తప్పలేదు. నాకేం చెప్పాలో తోచక ఫోన్ తీసి, బాలకృష్ణ ఏళ్లుగా చెబుతూ వస్తున్న సీక్వెల్ 'ఆదిత్య 999' కబురు చదివాను. ఇది రాసేనాటికి ఆ సినిమా థియేటర్‌కు రాలేదు.

"బాగుండది," అన్నాడు కాకా వెంటనే.

"ఇంకా రాలేదు కాకా."

"రాలేదు గాబట్టి ఇంత మాత్రమన్న ఉన్నది. వచ్చినంక ఇంకింత పడిపోతది." చాయ్ చివరి గుక్క తాగి, మూతి పక్కకు తిప్పి, కప్పు నా వైపు నెట్టాడు. ఆ గుక్క పైసలు నా లెక్కలో. లేచి చెప్పుల్లో కాళ్లు దూర్చుకుంటూ వెనక్కు తిరిగాడు.

"బీదర్‌ల పడితే మాత్రం ఫోన్ చెయ్యి బిడ్డా. మొదటి ఆటకే పోదం. రెండో ఆట బాగుండది."