ఎర్రపూల రణపాల ఆత్మకథ

నర్సరీ వాళ్ళు నన్ను కలాంచో అంటారు. తిరువూరులో మా మామ్మకి ఆ పేరు నోరు తిరగలేదు. నన్ను ఇంటికి తెచ్చిన రోజు రెండుసార్లు అనబోయి మానేసి, నా ఆకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని కాసేపు చూసింది. "ఇది మన రణపాల జాతే. కాకపోతే ఎర్రపూలది" అంది. ఆనాటి నుంచీ ఈ ఇంట్లో నా పేరు ఎర్రపూల రణపాల. మామ్మ వృక్షశాస్త్రం చదవలేదు. కానీ ఆ మాటలో తప్పులేదు. పెరటిగోడ పక్కన ఏళ్ళ తరబడి ఉన్న రణపాలా నేనూ నిజంగానే అక్కచెల్లెళ్ళ పిల్లలం.

జానెడు ఎత్తుంటాను. ఆకులు దళసరిగా, నున్నగా ఉంటాయి. అంచుల్లో చిన్నచిన్న నొక్కులుంటాయి. కొసన గుత్తిగా పూస్తాను. ఒక్కో పువ్వుకి నాలుగే రేకులు. నా పూలకి వాసన లేదు, జడలో నిలవవు. కానీ ఒకసారి పూశానంటే నెల దాటినా గుత్తి గుత్తిలాగే ఉంటుంది.

మా జాతి పుట్టిల్లు ఆఫ్రికా పక్కనున్న మడగాస్కర్ దీవి. 1932లో జర్మనీలోని పోట్స్‌డామ్ ఊళ్ళో రాబర్ట్ బ్లాస్‌ఫెల్డ్ అనే నర్సరీదారు మమ్మల్ని కుండీమొక్కలుగా లోకానికి పరిచయం చేశాడు. అతని పేరు మీదే మేం కలాంచో బ్లాస్‌ఫెల్డియానా అయ్యాం. నేను మాత్రం పుట్టింది రాజమండ్రి దగ్గర కడియపులంకలో. విత్తనం నుంచి రాలేదు. తల్లిమొక్క కొసని వేలెడంత తుంచి కొబ్బరిపొట్టులో గుచ్చితే వేరుపోసుకున్నాను. మొగ్గలు తొడిగాక నన్నూ నా తోటివాళ్ళనీ వ్యాన్‌లోకి ఎక్కించారు. తిరువూరు బస్టాండు దగ్గర తోపుడుబండి మీద గులాబీలకీ బంతులకీ మధ్య కూర్చోబెట్టారు. బడి నుంచి వస్తున్న ఒక టీచరమ్మ ఆగి, నన్ను చూసి, బేరమాడకుండా కొనుక్కుంది. ఆవిడే మా మామ్మ కోడలు.

ఆవిడ నన్ను ఎంత ప్రేమగా చూసిందో చెప్పలేను. ఆ ప్రేమే నా ప్రాణం మీదికి తెచ్చింది. అందంగా ఉంటుందని అడుగున చిల్లు లేని పింగాణీ తొట్టిలో పెట్టింది. పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు నీళ్ళు. చైత్రం వచ్చేసరికి తిరువూరు ఎండ సంగతి తెలిసిందేగా, డాబా మీద కాలు పెట్టలేం. "మనకే నాలుక పిడచకట్టుకుపోతోంది, దీనికి దాహమెయ్యదా" అని మధ్యాహ్నం ఇంకో గ్లాసు కలిపింది. నీళ్ళు పోయే దారి లేక తొట్టి అడుగున నిలిచిపోయాయి. నా వేళ్ళకి గాలాడలేదు. ఆకులు వేలాడాయి. అది చూసి దాహమనుకుని మళ్ళీ పోసింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి నా ఆకుని పట్టుకుని చూడండి. దాహమేసిన ఆకు పల్చబడి, ముడతలు పడి, తోలుముక్కలా వంగుతుంది. నీళ్ళు ఎక్కువైన ఆకు పసుపు తిరిగి, మిగలపండిన అరటిపండులా మెత్తబడుతుంది, ముట్టుకుంటే ఊడొస్తుంది. దూరం నుంచి చూస్తే రెండూ వేలాడినట్టే ఉంటాయి. వేలితో నొక్కితేనే తేడా తెలుస్తుంది.

మామ్మ వేలితో నొక్కింది. తరవాత మొదలు పట్టుకుని పైకి లాగింది. వేళ్ళు తడిసిన నూలుపోగుల్లా జారిపోయాయి. కుళ్ళువాసన కొట్టింది. "అత్తయ్యా, రోజూ నీళ్ళు పోస్తూనే ఉన్నానుగా" అంది కోడలు, కళ్ళనిండా నీళ్ళతో. "పోసిందే పోస్తా ఉంటే ఎట్టా బతుకుద్దమ్మాయ్? ఇది ఒంట్లోనే నీళ్ళు దాచుకునే జాతి. దాచుకున్నవి ఖర్చుపెట్టుకోనియ్యాలి" అంది మామ్మ.

కత్తిపీట ముందు కూర్చుని, నల్లబడిన కాడ పోను, పచ్చగా ఉన్న కొసల్ని మూడింటిని కోసింది. వాటిని వెంటనే నాటలేదు. వసారాలో నీడపట్టున పాత పేపరు మీద పరిచింది. బడి నుంచి వచ్చిన మనవరాలు, "మామ్మా, నీళ్ళల్లో పెట్టకపోతే చచ్చిపోద్దేమో" అని గాభరాపడింది. చచ్చిపోలేదు. మూడు రోజుల్లో కోసినచోట గాయం ఎండి పొక్కు కట్టింది. పచ్చిగాయం మట్టిలో పెడితే మళ్ళీ కుళ్ళేది. నాలుగోరోజు మట్టికుండీ చిల్లు మీద పెంకుముక్క వేసి, ఎర్రమట్టి, ముతక ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి నింపి మమ్మల్ని గుచ్చింది. మొదటి చెంబు నీళ్ళు నాటిన ఐదోరోజున. ముగ్గురిలో ఇద్దరం బతికాం. ఆ ఇద్దరిలో ఒకదాన్ని నేను.

ఇంతకీ అంత ఎండలో ఇంత తక్కువ నీళ్ళతో ఎలా బతుకుతానని అడుగుతారేమో. చాలా మొక్కలు పగలు ఆకుల్లోని సన్నని రంధ్రాలు తెరిచి గాలి పీలుస్తాయి. తెరిచిన దారినే ఒంట్లో నీరూ ఆవిరైపోతుంది. నేను పగలు తలుపులు బిగించుకుంటాను. పొద్దుగూకి చల్లబడ్డాక తెరుస్తాను. రాత్రంతా పీల్చిన బొగ్గుపులుసు గాలిని మాలిక్ ఆమ్లంగా మార్చి ఆకులో దాస్తాను. ఆపిల్ పండులో పులుపు దానిదే. తెల్లవారాక తలుపులు మూసి, ఆ దాచిందాన్ని ఎండ సాయంతో తిండిగా వండుకుంటాను. అందుకే మా కుటుంబపు ఆకు పొద్దున పుల్లగా ఉండి, మధ్యాహ్నానికి చప్పబడుతుంది.

ఈ సంగతిని లోకానికి చెప్పిన మొదటి రాతల్లో ఒకదానికి మన తెలుగునేలతో చుట్టరికం ఉంది. సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ పెంచిన మొక్కలతోటని విలియం రాక్స్‌బర్గ్ తరవాత బెంజమిన్ హేన్ అనే వైద్యుడు చూసుకున్నాడు. ఆయన ఇండియాలో రణపాల ఆకుని నోట వేసుకుని చూశాడు. ప్రొద్దుట పుల్లగా, మధ్యాహ్నం రుచీపచీ లేకుండా, సాయంత్రానికి కాస్త చేదుగా ఉందని 1813లో ఒక ఉత్తరంలో రాశాడు. రెండు శతాబ్దాలు గడిచినా మా ఊపిరి గురించి రాసేవాళ్ళు ఆయన్ని తలుచుకుంటూనే ఉన్నారు. మామ్మ ఆయన పేరు వినలేదు గానీ, "రణపాలాకు పొద్దున్నే పులుపు" అని ఆవిడకీ తెలుసు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. నా ఆకులో గుండెకి చేటుచేసే విషపదార్థాలున్నాయి. ఒకసారి గేటు తెరిచి ఉంటే పక్కింటి మేకపిల్ల లోపలికొచ్చి నా మీద మూతి పెట్టబోయింది. మామ్మ పరుగున వచ్చి అదిలించింది. మేకలకీ ఆవులకీ కుక్కలకీ పిల్లులకీ నన్ను అందనివ్వకండి. పసిపిల్లల నోటికీ అందనివ్వకండి.

నాటిన ఏడాది బాగా ఎదిగాను. తూర్పువైపు వసారా మెట్టు నా చోటు. పొద్దుటెండ పదింటిదాకా, ఆపైన నీడ. మట్టి రెండు వేలి కణుపుల లోతు ఎండితేనే నీళ్ళు. ఒకసారి కణుపుల దగ్గర దూదిలా తెల్లగా పిండినల్లి పట్టింది. మనవరాలు తడిదూదితో ఒక్కో కణుపూ తుడిచింది. సబ్బునీళ్ళలో కాస్త వేపనూనె కలిపి చల్లితే మళ్ళీ రాలేదు. ఒళ్ళంతా ఆకులు, పచ్చగా నిగనిగలాడాను. కానీ ఆ శీతాకాలం ఒక్క మొగ్గా తొడగలేదు. ఎరువేశారు, పూయలేదు. చోటు మార్చారు, పూయలేదు. "ఇది ఒక్కసారి పూసే రకమేమో" అంది కోడలు. తీసేసి కొత్తది తెద్దామా అన్న మాట కూడా ఆ ఇంట్లో ఒకసారి వినపడింది.

నాకు లోటైంది చీకటి.

మా వసారాకి ఎదురుగా వీధిదీపం ఉంది. రాత్రంతా తెల్లని వెలుగు నా మీదే పడుతుంది. నేను రాత్రి పొడవుని బట్టి కాలాన్ని లెక్కపెట్టుకునే మొక్కని. రాత్రులు పొడుగైతేనే శీతాకాలం వచ్చిందని తెలిసి మొగ్గ తొడుగుతాను. కొన్ని మొక్కలు ఇలా పగలూరేయీ కొలుచుకుంటాయని 1920లో గార్నర్, అలార్డ్ అనే అమెరికా శాస్త్రవేత్తలు పొగాకు మీద ప్రయోగాలు చేసి చెప్పారు. చామంతిదీ అదే లెక్క. మరుసటి దసరాకి వచ్చిన మనవరాలి మేనమామ, "కుప్పం వైపు చామంతి తోటల్లో రాత్రుళ్ళు బల్బులు వెలిగిస్తారు. పూత వాళ్ళకి కావలసిన రోజుదాకా ఆగుతుంది" అన్నాడు. మనవరాలు చప్పున లేచి వీధిదీపం వైపు చూసింది, నా వైపు చూసింది.

దీపావళి మర్నాడు మొదలుపెట్టింది. ఊరంతా దీపాలు పెట్టుకునే కార్తీకంలో నాకు చీకటి పెట్టింది. అటకమీది మామిడిపళ్ళ అట్టపెట్టె దింపింది. గాలికని దాని పక్కల చిల్లులుంటాయిగా, వాటికి పాత క్యాలెండరు కాగితాలు బంకపెట్టి అంటించింది. సాయంత్రం ఆరింటికి నా మీద బోర్లించడం, పొద్దున ఎనిమిదింటికి తియ్యడం. పద్నాలుగు గంటల చీకటి, పది గంటల వెలుగు. ఆరు వారాలు.

వారం తిరక్కుండానే ఒక రాత్రి సెల్‌ఫోను లైటు వేసి పెట్టె ఎత్తబోయింది. మామ్మ చెయ్యి పట్టుకుంది. "పొదిగే కోడిని మాటిమాటికీ లేపితే పిల్లలవుతాయంటే?" నిజమే, నడిరాత్రి పడ్డ కాసింత వెలుగుకే నా లెక్క చెడిపోతుంది. ఇంకో రోజు అందరూ నెమలి ఊళ్ళోని వేణుగోపాలస్వామి గుడికి వెళ్ళి పొద్దుపోయాక వచ్చారు. ఆ పిల్ల చెప్పులు కూడా విప్పకుండా ముందు నా మీద పెట్టె బోర్లించి, అప్పుడు లోపలికి వెళ్ళింది.

ధనుర్మాసంలో ఒక పొద్దున కొసన ఆకుల మధ్య ఆవగింజలంత పచ్చని ముడులు కనిపించాయి. ఆపైన పెట్టె అక్కర్లేకపోయింది. సంక్రాంతికి ఆ ముడుల మొనల్లో ఎరుపు తేలింది. రథసప్తమి నాడు, మామ్మ జిల్లేడాకులు తలమీద పెట్టుకుని స్నానం చేసి వచ్చేసరికి, మొదటి గుత్తి విచ్చుకుంది. కోడలు బడికి వెళ్ళబోతూ నా పక్కన మెట్టు మీద కూర్చుని, చాలాసేపు లేవలేదు.

ఇప్పుడు ఈ వీధిలో నాలుగిళ్ళలో నా పిల్లలున్నాయి. పూత అయ్యాక వాడిన కాడలు కోసేసి, కొసలు తుంచి, మూడు రోజులు నీడన ఆరబెట్టి మామ్మ పంచిపెట్టింది. ఇచ్చిన ప్రతివాళ్ళకీ ఒకటే చెప్పింది, వేలు పెట్టి చూడకుండా చెంబు ఎత్తొద్దని.

పూలు వాడిపోగానే పనైపోయిందని నాలాంటివాళ్ళని చాలామంది చెత్తబుట్టలో వేస్తున్నారు. దయచేసి అలా చెయ్యకండి. పచ్చగా ఉండి పూయని కలాంచో మీ ఇంట్లో ఉంటే, రాత్రిపూట దాని మీద ఏ దీపం పడుతోందో ఒకసారి చూడండి. వచ్చే దీపావళి మర్నాటి నుంచి ఒక అట్టపెట్టె, ఆరు వారాల చీకటి ఇవ్వండి. రథసప్తమికి అది తన సంగతి తానే చెబుతుంది.