టన్నుకు ఆరు: సటీకా తాత్పర్యం

మూలం: టన్ను బొగ్గుకు ఆరు ఘనపు మీటర్ల ఓబీ.

ప్రతిపదార్థం: టన్ను = వెయ్యి కిలోల; బొగ్గుకు = వేబ్రిడ్జి ఎక్కి తూగిన నల్లబంగారానికి; ఆరు = ఆరైన (ఇది ఉపలక్షణం; పొర లోతును బట్టి గనిగనికీ మారును); ఘనపు మీటర్ల = పొడవు, వెడల్పు, లోతు మీటరేసి గల; ఓబీ = ఓవర్‌బర్డెన్, అనగా బొగ్గు నెత్తిన కూర్చున్న మట్టీ రాయీ; తీయవలెను అని అధ్యాహారం (వాక్యంలో లేకున్నా చేర్చుకోవలసిన మాట).

తాత్పర్యం: సింగరేణిలో రామకృష్ణాపూర్, మందమర్రి వైపు ఓపెన్‌కాస్టుల (పైనుంచి తవ్వే గనుల) లెక్క ఈ తీరునే నడుస్తుంది. నిష్పత్తి అంటే ఒకే జాతి వస్తువుల పోలిక అని బడిలో చదివాం. ఈ వాక్యానికి ఒక చేత తక్కెడ, మరో చేత కుంచం. రెండింటినీ ఒకే చేతికి తెస్తే ఏమవుతుందో చూడండి. పొరలో ఉన్న బొగ్గు ఘనపు మీటరుకు సుమారు టన్నున్నర తూగుతుందనుకుంటే, టన్ను బొగ్గు పట్టే చోటు మీటరులో మూడింట రెండు వంతులే. అప్పుడు ఆరు కాస్తా తొమ్మిదవుతుంది. పైనున్న ఇసుకరాయి మీటరుకు 2.2 టన్నులనుకుని తూచితే పదమూడు దాటుతుంది. ఆరు, తొమ్మిది, పదమూడు: గొయ్యి ఒక్కటే, అంకెలు మూడు. మూడూ నిజమే. కాబట్టి ఈ వ్యాఖ్యాత సిద్ధాంతం ఇది: ఘనపరిమాణాన్ని బరువుగా మార్చాలంటే అంకె ఒక్కటే చాలదు, ఆ వస్తువు ఏమిటో, ఏ స్థితిలో ఉందో చెప్పే మాట కూడా ఉండాలి. ఆ మాటే అసలైన అధ్యాహారం.

స్థితి అన్నది ఊరికే వేసిన విశేషణం కాదు. బ్లాస్టింగ్ అయ్యాక రాయి గుల్లబారుతుంది. బెంచీలో (పేల్చక ముందు గని మెట్టులో) ఆరు మీటర్లున్నది, మూడో వంతు ఉబ్బితే డంపర్లో ఎనిమిదవుతుంది. రాయి ఒక్క కిలో కూడా పెరగలేదు, సందుల్లో గాలి చేరింది, అంతే. బొగ్గుదీ అదే కథ: పొరలో టన్నున్నర తూగిన మీటరు, పగిలి టబ్బులో (గనిలో బొగ్గు మోసే తొట్టిబండిలో) పడితే టన్నుకు అటూ ఇటూ. తట్టా చెమ్మస్ (గంపా పారా) పట్టి చేత్తో బొగ్గు నింపిన కాలంలో నిండా పోసిన టబ్బూ, కాస్త వెలితిగా వచ్చిన టబ్బూ పేరుకు రెండూ టబ్బులే.

ఇక్కడ ఒక శంక. అన్నిటినీ టన్నుల్లోనే రాస్తే పీడ వదలదా? వదలదు. బొగ్గు అమ్ముడుపోతుంది గనుక కాంటా ఎక్కుతుంది. ఓబీని కొనేవాడు సాధారణంగా ఉండడు. సర్వేయరు గొయ్యిని కొలిచి ఎంత తీశారో చెబుతాడు. ఎవరి కొలత వారి పనికి తగినదే. పైగా టన్ను కూడా ఏకవచనం కాదు: ఇంగ్లీషువాళ్ల పాత టన్ను 2,240 పౌండ్లు, అంటే 1,016 కిలోలు. వెయ్యి టన్నుల దగ్గర పదహారు టన్నుల తేడా. 1958 అక్టోబరులో మెట్రిక్ తూకాలు రావడం మొదలైంది గనుక, అంతకు ముందరి లెక్క చదివేవారు ఈ పదహారును మరవరాదు.

ఇంకో శంక. మన అవ్వలు నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి అని నోటితో లెక్కపెట్టలేదా, వారికేం తిప్పలు రాలేదే? రాలేదు, ఎందుకంటే వారు అధ్యాహారం మరవలేదు. వడ్లా బియ్యమా, పచ్చివా ఎండినవా, రాశి పోసి కొలిచారా, కర్రతో సమంగా గీశారా అని అడిగాకే గింజ చేతులు మారేది. కుంచం నుంచి కిలోకు మారినప్పుడు మనం కుంచాన్ని వదిలాం, వదలకూడని ప్రశ్నను కూడా దానితోపాటే వదిలాం.

ప్రమాణం కావాలంటే గని చట్టమే ఉంది. 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలు గాలిని కూడా టన్నుతో ముడిపెట్టాయి: పెద్ద షిఫ్టులో మనిషికి నిమిషానికి ఆరు ఘనపు మీటర్లు, లేదా రోజుకు తీసే టన్నుకు రెండున్నర, ఏది ఎక్కువైతే అది. అంకె చెప్పి ఊరుకోలేదు. ఆ గాలిని ఎక్కడ కొలవాలో కూడా చెప్పాయి, ఫేస్‌కు (బొగ్గు తవ్వే చోటుకు) ముందున్న చివరి గాలిదారి దగ్గర. మీథేన్ లెక్కా అంతే: ఇన్ని ఘనపు మీటర్లు అని కాదు, తీసిన టన్ను బొగ్గుకు ఇన్ని అని.

ఫలశ్రుతి: ఇకపై ఎవరైనా "టన్నుకు ఆరు" అంటే తల ఊపే ముందు ఒక్కమాట అడగండి: బెంచీలోనా, డంపర్లోనా?