పోను సగం, రాను సగం

రాయల్పాడులో మామిడి కోతల రోజులు. వసారాలో అవ్వ తోతాపురి కాయలు ఏరుతోంది. నేను పక్కనే ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నా. మూడు వారాలుగా ఒకటే చిక్కు. బెంగళూరులో మా ఆఫీసు కంప్యూటర్లు రెండు ఒకే గదిలో ఉంటాయి. మొదటిది డబ్బు పంపినట్టు రాసుకున్న సమయం కన్నా, రెండోది అందినట్టు రాసుకున్న సమయం ముందుంది! పంపకముందే ఎలా అందుతుంది?

"ఏమిరా, అట్లుండావు?" అంది అవ్వ.

"గడియారాలు కలవడం లేదవ్వా."

మొదటినుంచీ చెప్పాను. కంప్యూటర్లో కాలం లెక్కపెట్టేది చిన్న క్వార్ట్జ్ ముక్క. వేడికీ చలికీ దాని నడక మారుతుంది. పట్టించుకోకపోతే రోజుకు ఒకటి రెండు సెకన్లు కూడా తప్పగలదు. అందుకే మా కంప్యూటర్ మాటిమాటికీ ఢిల్లీ జాతీయ భౌతిక ప్రయోగశాల సర్వర్‌ను టైమెంతని అడుగుతుంది. అక్కడ అణు గడియారాలున్నాయి. కానీ జవాబు దారిలో ఉండగానే పాతబడుతుంది. ఆ దారి ఆలస్యాన్ని లెక్కగట్టే ఎన్టీపీ పద్ధతిని అమెరికాలో డేవిడ్ మిల్స్ రూపొందించాడు. 1985 నుంచి అది వాడుకలో ఉంది, ఇవాళ ప్రపంచమంతా దాన్నే నమ్ముకుంది. నాకు ఇప్పటికీ అబ్బురమే, నాలుగే నాలుగు అంకెలతో అయిపోతుంది.

"మన ట్రాక్టరే అనుకో. మన గడియారంలో నాలుక్కి బయల్దేరింది. శ్రీనివాసపురం మండీ గడియారంలో ఆరుకు చేరింది. కాయలు దించి ఏడుకు కదిలింది. ఇల్లు చేరేసరికి మన గడియారంలో ఎనిమిది. మొత్తం నాలుగ్గంటలు. దించిన గంట తీసేస్తే దారికి మూడు. పోను గంటన్నర, రాను గంటన్నర. అంటే మండీ చేరినప్పుడు మన లెక్కన అయిదున్నర, అక్కడేమో ఆరు. మనది అరగంట వెనకబడిందన్నమాట. ముందుకు తిప్పాలి."

అవ్వ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

"ఏల తిప్పేది? మన గడియారం బాగనే ఉండాది. లోడుతో పొయ్యేదానికి రెండు గంటలు. ఖాళీ బండి గంటకే వస్తాది. సగం సగమని ఎవురు చెప్పినారు నీకు?"

నాకు నోట మాట రాలేదు. పోయే ఆలస్యం, వచ్చే ఆలస్యం సమానమైతేనే ఆ లెక్క నిలుస్తుంది. మిల్స్‌కు తెలుసు. నేనూ చదివిందే.

సోమవారం ఆఫీసు మిద్దెమీద జీపీఎస్ రిసీవర్ పెట్టి, ఉపగ్రహం చెప్పే సమయంతో రెండు కంప్యూటర్లనూ పోల్చాం. రెండోది సరిగ్గానే ఉంది. మొదటిదాని ప్రశ్న ఢిల్లీకి ఒక దారిన పోతోంది, జవాబు ఇంకో దారిన వస్తోంది. పోవడానికి 23 మిల్లీసెకన్లు, రావడానికి 17. తేడా 6.

మొదటి గడియారం సరిగ్గా 3 మిల్లీసెకన్లు ముందుంది.