రాని సంచికల లెక్క

నా పేరు కార్డెక్స్. పేరు అమెరికాది, ఉద్యోగం మాత్రం ఇక్కడి ఒక యూనివర్సిటీ లైబ్రరీలో, పీరియాడికల్స్ సెక్షన్‌లో. ఇనుప బీరువా అనుకునేరు! నా సొరుగులు పలచనివి. ఒకటి లాగి కిందికి వంచితే కార్డులు ఒకదాని మీద ఒకటి వాలి, పత్రిక పేరున్న అడుగు అంచులు మాత్రం బయట పెడతాయి. కార్డు ఎత్తి చూస్తే ఏడాదికో వరస, నెలకో గడి.

తపాలా సంచీ వచ్చిందంటే నా దగ్గర ఒకటే సందడి. సీనియర్ గుమాస్తా గారు కవరు చింపి, వాల్యూమ్, నంబరు చూసి, గడిలో తేదీ వేసి సంచికను ర్యాక్‌కు పంపేవారు. వచ్చినవాటిని ఏ రిజిస్టరైనా రాసుకుంటుంది. రానివాటిని పట్టివ్వడంలోనే ఉంది నా పనితనం. ఏప్రిల్ నిండి, మే ఖాళీగా ఉండి, జూన్ కూడా నిండిందంటే దొంగ దొరికినట్టే. అంచు మీద ఎర్ర బిళ్ళ జరిగేది, ఏజెంటుకు రిమైండర్ వెళ్ళేది. గడువు దాటాక అడిగితే పబ్లిషరు ఉచితంగా పంపడు. ఆ ఒక్కటి రాకపోతే ఏడాది సంచికలన్నీ బైండింగ్‌కు పోకుండా, పురికొస కట్టుతో మూలన పడి ఉండేవి. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు పత్రికల కోసం మూడు కార్డుల పద్ధతి పెట్టి, అందులో ఒక కార్డును రాని సంచికలు బయటపెట్టడానికే కేటాయించారు. అందుకే ఆయనంటే నాకు గురి.

పత్రికలు బుద్ధిమంతులేం కావు. పేర్లు మార్చుకుంటాయి, కలిసిపోతాయి, విడిపోతాయి. ‘ఫిజికల్ రివ్యూ’ 1970లో ఎ, బి, సి, డి అని నాలుగైతే ఒక్క కార్డు చోట నాలుగు రాయాల్సి వచ్చింది. ఇక 1991 జూలైలో రూపాయి విలువను రెండు విడతలుగా తగ్గించారు. డాలర్లలో, పౌండ్లలో కట్టే చందాలు మోయలేని బరువయ్యాయి. ఆ తర్వాత నా కార్డులు ఎన్నింటిమీద ‘నిలిపివేత’ అని రాశారో!

2004 నుంచి యూనివర్సిటీలకు ఈ-పత్రికలు అందించే యూజీసీ ఇన్ఫోనెట్ పుణ్యాన పత్రికలు తెర మీదికి రావడం మొదలైంది. తపాలా సంచీ చిక్కిపోయింది. 2025 జనవరి నుంచి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద ముప్పై మంది పబ్లిషర్ల పత్రికలు, దాదాపు 13,000, ప్రభుత్వ విద్యాసంస్థలకు తెరుచుకున్నాయట. జిల్లా కాలేజీ పిల్లలు ఎన్నడూ చూడని పత్రికలవి. నేను కుళ్ళుకోను. అన్ని గడులు నా ఒంట్లో ఎక్కడ పడతాయి?

నా బెంగ వేరు. కాగితం సంచిక పొలం కొనుక్కోవడం లాంటిది, తెర మీద పత్రిక కౌలుది. చందా ఆగాక పాత ఏళ్ళయినా మిగలాలంటే ఆ సంగతి ఒప్పందంలో రాసుకోవాల్సిందే. మమ్మల్ని గుర్తుపట్టే క్యాంపస్ ఐపీ అడ్రసులు మారిన సంగతి పబ్లిషరుకు చెప్పకపోతే అన్నీ ఒకేసారి మూతపడతాయి. పత్రిక ఒక పబ్లిషరు నుంచి ఇంకొకరికి మారితే పాత లింకు గోడకు కొట్టుకుంటుంది. పత్రికను గుర్తించే నంబరు ఐఎస్ఎస్ఎన్ అచ్చుకు ఒకటి, ఆన్‌లైన్‌కు ఇంకొకటి; రెండూ కలగాపులగమైతే వ్యాసం ఉండి కూడా దొరకదు. వీటిలో దేనికీ ఖాళీ గడి కనపడదు. రీసెర్చ్ స్కాలరేమో ‘మన లైబ్రరీలో లేదు కాబోలు’ అనుకుని, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోతాడు.

మొన్న నన్ను పాత ఇనుము కింద తూకానికి వేద్దామన్నారు. ఈ-రిసోర్సెస్ చూసే అమ్మాయి అడ్డుపడింది. “అప్పుడే వద్దు సార్. మనం ఏ ఏ ఏళ్ళకు డబ్బు కట్టామో చూపిస్తేనే పాత సంచికలు తెరుస్తామంటున్నారు పబ్లిషర్ వాళ్ళు. బిల్లులు చెదలు పట్టాయి, ఈ కార్డులే దిక్కు.”

కార్డులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టింది. మధ్యలో ఆగి, “ఇక్కడ ఖాళీ ఉందేంటి సార్?” అంది.

“అది రాలేదమ్మా. పక్కనే రాసి ఉంది చూడు, మూడు రిమైండర్లు.”

ఆమె షీట్‌లో అలాంటి వాటికి నిలువు వరస లేదు. కొత్తది చేర్చి, పైన ‘రానివి’ అని టైపు చేసింది.