గనక మార్షల్‌గారు

గ్రంథాలయం మూసే వేళకి పక్కనున్న టీకొట్టు దగ్గర ఒకాయన 1969 నాటి యుద్ధం మొదలుపెడతారు. మీ ఊళ్లోనూ ఉండే ఉంటారు, చూసుకోండి. రిటైరైన మేష్టారో, బ్యాంకు ఉద్యోగో అయి ఉంటారు. ఎన్‌సీసీలో కూడా చేరిన పాపాన పోలేదు. భుజాన గుడ్డసంచీ, అందులో మాస్కోలో అచ్చయిన పాత తెలుగు పుస్తకమొకటి, మడతల దగ్గర చిరిగిన ఆసియా పటం. నోరు విప్పితే "గనక" రాకుండా ఉండదు కాబట్టి కొట్టు కుర్రాడే ఆయనకి గనక మార్షల్ అని పదవి ఇచ్చాడు.

యుద్ధం సోవియట్ యూనియన్‌కీ చైనాకీ. పూర్తిగా గాల్లోంచి పుట్టించింది కాదు. ఉసూరి నదిలో చదరపు కిలోమీటరు కూడా లేని, ఎవరూ కాపురముండని లంక ఒకటుంది. రష్యన్లు దమాన్‌స్కీ అన్నారు, చైనావాళ్లు జెన్‌బావ్ అంటారు. 1969 మార్చి 2న దానికోసం తుపాకులు పేలాయి, 15న మళ్లీ పేలాయి. ఆ రెండో పోరులో దెబ్బతిన్న సోవియట్ టి-62 ట్యాంకు నదిలో మునిగితే చైనావాళ్లు పైకి లాగి పట్టుకుపోయారు, బీజింగ్ సైనిక మ్యూజియంలో పెట్టారు. ఆ సంగతి చెప్పేటప్పుడు మార్షల్‌గారి గొంతు, సొంత సైకిలు పోయినవాడి గొంతులా ఉంటుంది.

"అక్కడితో ఆగకుండా గనక ఉంటే..." అంటూ బల్ల సర్దుతారు. ఒలికిన టీ ఉసూరి నది. చక్కెర డబ్బా బీజింగ్. వరసగా పేర్చిన ఉస్మానియా బిస్కెట్లు సైబీరియా రైలుమార్గం. గ్లాసులు ట్యాంకు దళాలు. 1945 ఆగస్టులో మాలినోవ్‌స్కీ సైన్యం పెద్ద ఖింగాన్ కొండలు దాటి మంచూరియాలో జపాన్ వాళ్ల మీద పడింది కదా, అదే దారి మళ్లీ పట్టిస్తారు.

ఎదురుగా కూర్చునేది బావగారు. 1964లో కమ్యూనిస్టు పార్టీ చీలినప్పుడు ఈయన ఒకవైపు, ఆయన ఒకవైపు. ఆ అవతలి పార్టీవాళ్లు ఎంత మొత్తుకున్నా ఊరు వాళ్లని "చైనా పార్టీ" అనే పిలిచింది, అందుకని చైనా సేనాధిపత్యం బావగారికి వారసత్వంగా వచ్చింది.

"మీరు ఎంత లోపలికొస్తే మాకు అంత లాభం, రండి రండి" అని ఆహ్వానిస్తూనే ఆయన ఖబరోవ్‌స్క్ దగ్గర రైలుమార్గం తెంపి, టీలో ముంచుకుని తినేస్తారు.

"అది కాదు బావగారూ! వ్లదివొస్తోక్‌కి ఇంక సరుకు ఎలా వెళుతుంది?"

"అదే కదా నేనూ అడుగుతున్నది."

ఈలోగా కుర్రాడు గుడ్డతో ఉసూరి నదిని తుడిచేస్తాడు.

మార్షల్‌గారికి అసలు కోపం అప్పటి సోవియట్ ప్రధాని కొసీగిన్ మీద. మార్చిలో ఆయన బీజింగ్‌కి ఫోను చేస్తే అక్కడి ఆపరేటరు తిట్టి, లైను కలపనే లేదు. ఆ ఆపరేటరంటే మార్షల్‌గారికి మహా గౌరవం. ఆగస్టులో చైనావాళ్ల లోప్ నోర్ అణుకేంద్రం మీద దెబ్బ కొడితే మీరేమంటారని సోవియట్ వాళ్లు అమెరికాని వాకబు చేసేదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడు, సెప్టెంబరు 2న, వియత్నాం నాయకుడు హో చి మిన్ పోయారు. హనోయ్ వెళ్లిన కొసీగిన్ తిరుగు ప్రయాణంలో దుషాంబే దాకా వచ్చేసి కూడా, చైనావాళ్లు కలుస్తామన్న కబురందగానే వెనక్కి మళ్లి, 11న బీజింగ్ విమానాశ్రయంలో చైనా ప్రధాని చౌ ఎన్‌లైని కలిశారు. యుద్ధం చల్లారింది.

"ఆ మహానుభావుడు ఇంకో నెల గనక బతికి ఉంటే!" అంటారు మార్షల్‌గారు. వినేవాళ్లు అది సంతాపమే అనుకుంటారు.

ఒకసారి ఓ కాలేజీ కుర్రాడు, 1979లో చైనా, వియత్నాం నిజంగానే కొట్టుకున్నాయి కదండీ, అవీ రెండూ కమ్యూనిస్టు దేశాలే కదా అన్నాడు. మార్షల్‌గారు మొహం చిట్లించారు. "అది జరిగిపోయిందయ్యా. అందులో మనం చేసేదేముంది?" నాకు మాత్రం ఆయనలో నచ్చేది ఇదే. ఆయన యుద్ధంలో ఇంతవరకు చచ్చినవాడు లేడు. ఆ లంకని 1991 ఒప్పందంలో మాస్కో చైనాకి వదిలేసిందని తెలిసినా, ఆ ఒప్పందంలో తన సంతకం లేదంటారు.

అటుగా వెళ్తే జాగ్రత్త. "లోప్ నోర్ మీద వేసేద్దామా?" అని అడుగుతారు. వద్దనండి. వేద్దామన్నారో, బావగారి ఎదురుదాడి అయ్యేదాకా మీరు ఇల్లు చేరలేరు, టీ డబ్బులూ మీవే.