అరుగుల్లేని ఊరు

ఒరే అబ్బీ, చెవుల్లో ఆ పుల్లలు తీసి కాసేపు నా మాట విను. ‘మనశ్శాంతి లేదు తాతా’ అంటావు. యాడినుంచి వస్తుంది? బెంగుళూరులో తలుపు మూసిన గది. అన్నం ఎవడో తెచ్చి గుమ్మం ముందర పెట్టి పోతాడు, వాని మొగం కూడా నువ్వు చూడవు.

మా రోజుల్లో సింహాద్రిపురంలో అరుగు లేకపోతే అది ఇల్లే కాదు. పొద్దు మునిగితే మగోళ్ళంతా అరుగుల మీదే. విత్తనానికి శనక్కాయలు ఒలిచే రాత్రుల్లో ఆడోళ్ళు ఒకచోట చేరి, చేతులు కాయల మీద, మాటలు కష్టాల మీద పెట్టేవాళ్ళు. మొగుడు కొట్టింది, కోడలు కసిరింది, వాన మొగం చాటేసింది, అన్నీ ఆడే బయటపడేవి. కుప్ప తరిగేకొద్దీ గుండె బరువూ తరిగేది. ఎవడన్నా రెండు రోజులు మాట్లాడకుండా కూర్చుంటే, ‘ఏమప్పా, మొగం అట్లుంది?’ అని ఊరంతా అడిగేది. విసుగొచ్చేదాకా అడిగేది. ఆ విసుగే మనిషిని నిలబెట్టేది.

ఇప్పుడో? ఎవని చీనీ తోట వానిది, ఎవని కంచె వానిది. బోరు ఎండితే చెట్లు ఎండుతాయి గానీ అప్పు ఎండదు. పాపం ఆ రైతు రాత్రంతా బోరు పక్కన ఒక్కడే కూర్చుంటాడు. పలకరించేదానికి దోవన పోయేవాడు ఆగడు, మోటారుసైకిల్ మీద దూసుకొని పోతాడు.

ఒంటరిగా ధ్యానం చేస్తే కుదురుతుందంటావా? మన ప్రొద్దుటూరులో బతికిన పుట్టపర్తి నారాయణాచార్యులవారు, ‘శివతాండవం’ రాసిన మహానుభావుడు, మనసు కలతపడి ఇల్లు వదిలి హిమాలయాలకు పోయినాడు. ఋషీకేశంలో స్వామి శివానంద ఆయనకు ‘సరస్వతీపుత్ర’ అని బిరుదిచ్చినాడు. అంత మాత్రాన ఆడే ఉండిపోయినాడా? తిరిగొచ్చినాడు. పిల్లోళ్ళకు పాఠాలు చెప్పినాడు, పద్యాలు రాసినాడు. 1972లో పద్మశ్రీ వచ్చింది, 1990లో కన్నుమూసినాడు. పోతులూరి వీరబ్రహ్మంగారూ అంతే. బనగానపల్లె దగ్గర రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాసినాడంటారు, కానీ కందిమల్లాయపల్లెలో పెండ్లాం బిడ్డలతో సంసారిగానే బతికినాడు. కొండకు పోయినోళ్ళు కూడా మళ్ళీ మనుషుల్లోకే వచ్చినారురా.

మా కాలమంతా బంగారమని నేననను. మనసు చెదిరినోన్ని గాలి సోకిందని వేపమండలతో కొట్టేవాళ్ళు, గొలుసులతో కట్టేసేవాళ్ళు. దానికి డాక్టరుంటాడని, మందుంటుందని మాకెవరూ చెప్పలేదు. ఆ ఒక్క విషయంలో మీరే నయం. 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ వాళ్ళు ఏ పొద్దునైనా, ఏ అర్ధరాత్రైనా తెలుగులోనే మాట్లాడతారు, రూపాయి అడగరు. 2022లో పెట్టినారు. నిద్ర పట్టక, బతుకు మీద విరక్తి పుడితే సిగ్గుపడకుండా ఆ నంబరు కొట్టు. చేతిలోని ఆ ఫోను ఒక్కసారన్నా మంచి పనికొస్తుంది.

డాక్టరు మందిస్తే మింగు, వద్దనను. కానీ తెల్లారినాక ‘ఎట్లుందప్పా?’ అని అడిగే మనిషొకడు ఉండాల. అరుగులు కొట్టేసి కాంపౌండు గోడలు లేపుకున్నాం, ఇంక ఆ మనిషి యాడ కూర్చుంటాడు? ఈ వారం ఊరికి రాలేకపోతే పోనీ, నీ పక్క గదిలో ఉండేవాని పేరు కనుక్కో. వానిది ఏ ఊరో అడుగు. వానితో కలిసి ఒక పూట అన్నం తిను. ధ్యానం సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.