కాకరకాయ పడని బాలుడు: టీకా తాత్పర్య సహితం

మూలం

"మావాడికి కాకరకాయ పడదండీ. రెండుసార్లు పెట్టి చూశాం. నోట్లో పెట్టగానే ఉమ్మేస్తాడు. అంతా వాళ్ల నాన్న పోలిక."

అవతారిక

ఈ వాక్యానికి కర్త ఎవరో తెలియదు. ఆరు నెలలు దాటిన బిడ్డ ఉన్న ప్రతి తెలుగు ఇంటా, ముఖ్యంగా చుట్టపుచూపుగా వచ్చినవారు పిల్లవాణ్ని ఎత్తుకుని వాడు ఏమేం తింటున్నాడని అడిగిన వేళ, ఇది తనంతట తాను పుడుతూ ఉంటుంది గనుక దీనిని అపౌరుషేయమని కొందరి మతం. పలికేవారు ఎక్కువగా స్త్రీలూ, నింద మోసేవాడు పురుషుడూ కావడం వల్ల ఆ విశేషణం మరో అర్థంలోనూ చెల్లుతుంది. కాకరకాయకు బదులు బీరకాయ, తోటకూర, సొరకాయ అనే పాఠాలు కొన్ని ఇళ్లలో వినిపిస్తున్నా, అరటిపండు అనే పాఠం మాత్రం ఎక్కడా దొరకదు. ఆ కారణం టీకలో తేలుతుంది.

ప్రతిపదార్థం

మావాడికి = రెండు పళ్లు మాత్రమే వచ్చినా అభిప్రాయాలు పూర్తిగా వచ్చేశాయని ఇంటిల్లిపాదీ నమ్ముతున్న ఎనిమిది నెలల శిశువుకు; కాకరకాయ = ఉడికించి మెదిపి అన్నంలో దాచిన చేదు కాయ; పడదండీ = నచ్చదు; రెండుసార్లు = ఒకటిన్నరసార్లు, రెండోసారి చెంచా పెదవిదాకా వచ్చి వెనుదిరిగింది గనుక; పెట్టి చూశాం = పెట్టినవారు ఒకరు, చూసినవారు నలుగురు; ఉమ్మేస్తాడు = నాలుకతో బయటికి నెడతాడు; వాళ్ల నాన్న = ఆ సమయానికి ఇంట్లో లేని వ్యక్తి; పోలిక = అప్పీలు లేని తీర్పు.

టీక

"మావాడికి" అనే పదంతో వాక్యం మొదలైనందువల్ల వాడి రుచుల చరిత్ర అన్నప్రాసన నాడు మొదలైందని వాక్యకర్త ఊహిస్తున్నట్టు తెలుస్తోంది, అది సరికాదు. గర్భస్థ శిశువు చుట్టూ ఉండే ఉమ్మనీటిని నెలలు నిండే నాటికి బిడ్డ రోజుకు అర లీటరు, అంతకంటే ఎక్కువ కూడా మింగుతూ ఉంటుంది, ఆ నీటిలో తల్లి తిన్న పదార్థాల పరిమళాలు కలిసి ఉంటాయి. 1995లో ఫిలడెల్ఫియాలోని మోనెల్ రసాయన ఇంద్రియ పరిశోధన కేంద్రానికి చెందిన జూలీ మెనెల్లా బృందం, వైద్య పరీక్ష కోసం ఉమ్మనీరు తీయించుకోబోతున్న పదిమంది గర్భిణుల్లో ఐదుగురికి ముందుగా వెల్లుల్లి గుళికలు ఇచ్చి, తరువాత ఆ నీటిని వాసన చూసేవారికి అప్పగించగా, ఐదింటిలో నాలుగింటిని వారు ఘాటైనవిగా గుర్తుపట్టారు. ఇంగ్లండులోని డరమ్ విశ్వవిద్యాలయం వారు 2022లో మరొక మెట్టు ఎక్కి, 32, 36 వారాల గర్భిణులకు క్యారెట్ గుళికనో, కేల్ అనే చేదు ఆకుకూర గుళికనో ఇచ్చి, స్కానింగులో బిడ్డ ముఖాన్ని చూశారు. క్యారెట్ వెళ్లిన చోట నవ్వును పోలిన కదలికలూ, కేల్ వెళ్లిన చోట ఏడుపును పోలిన కదలికలూ ఎక్కువగా కనిపించాయి. కనుక మూలవాక్యంలోని బాలుడు ఈ లోకానికి రాకముందే వంటింటి సంగతులు కొంత తెలిసినవాడని గ్రహించాలి.

ఆ తెలిసినది పుట్టాక గుర్తుంటుందా అని సంశయం. మెనెల్లా బృందమే 2001లో దీనికి సమాధానం ప్రకటించింది. కొందరు తల్లులు గర్భం చివరి నెలల్లో, కొందరు పాలిచ్చే తొలి నెలల్లో, వారానికి నాలుగు రోజుల చొప్పున మూడు వారాలపాటు 300 మిల్లీలీటర్ల క్యారెట్ రసం తాగారు. మూడో బృందం వారు రెండు కాలాల్లోనూ నీళ్లే తాగారు. ఘనాహారం మొదలయ్యాక క్యారెట్ రుచి కలిపిన గంజిని ఆ పిల్లలకు పెట్టినప్పుడు, తల్లి ద్వారా ఆ రుచిని ఎరిగిన బిడ్డలు మిగిలినవారికంటే తక్కువగా ముఖం చిట్లించారు. తల్లిపాలకు రుచి ఒక్కటే అనుకోవడం పొరపాటు. పొద్దున తాగిన పాలూ, వెల్లుల్లి తిన్న తరువాత తాగిన పాలూ బిడ్డకు ఒకటి కావు. అదే బృందం 1991లో తల్లులకు వెల్లుల్లి ఇచ్చి చూస్తే, సుమారు రెండు గంటలకు పాలలో ఆ వాసన బాగా పెరిగింది, ఆ సమయంలో పిల్లలు ఎక్కువసేపు రొమ్ము పట్టారు. కాయం ముద్దా, వెల్లుల్లి కారమూ, వేడి అన్నంలో నెయ్యీ తిన్న తెలుగు బాలింత ఇంట్లో ఈ ప్రయోగం తరతరాలుగా జరుగుతూనే ఉంది, దాని ఫలితాన్ని రాసిపెట్టుకున్నవారే లేరు.

ఇక్కడ పూర్వపక్షం, అంటే ఎదుటివాది వాదం, ఒకటి ఉంది: "మావాడు ఆరు నెలలూ తల్లిపాలే తాగాడు కదా, మరి కాకరకాయ ఎందుకు పడదు?" దీనికి సమాధానం కొంచెం కఠినమైనది. 2007లో వెలువడిన ఒక అధ్యయనంలో తల్లిపాలు తాగిన పిల్లలు పీచ్ పండును మిగతావారికంటే బాగా తిన్నారు గానీ, బీన్స్ విషయంలో వారికి ఏ ఆధిక్యమూ కనిపించలేదు, ఎందుకంటే ఆ తల్లులు పండ్లు తినేవారే గానీ బీన్స్ అంతగా తినేవారు కారు. పాలు ఒక దారి మాత్రమే, ఆ దారిన ఏది నడిచిందన్నదే అసలు విషయం. చాలా ఇళ్లలో బాలింత పథ్యం పేరిట వాతం చేస్తుందని ఒక కూర, జలుబు చేస్తుందని మరొక కూర, బిడ్డకు కడుపునొప్పి వస్తుందని ఇంకొకటి తీసివేస్తూ పోగా చివరికి విస్తట్లో బీరకాయా పొట్లకాయా మిగులుతాయి. బిడ్డ ఏ కూరకూ మొహం తిప్పుకోకూడదని కోరే పెద్దలే బిడ్డకు అందవలసిన కూరల పరిచయాలన్నింటినీ వరుసగా రద్దు చేస్తారు. మిరియాలనూ వెల్లుల్లినీ పథ్యంలో నిలిపిన పెద్దల మీద గౌరవం ఉంచుకుంటూనే ఈ మాట అనవలసి వస్తోంది.

"కాకరకాయ" అనే పదం దగ్గర ఆగాలి. నాలుక మీది రుచులన్నీ సమానంగా పుట్టవు. తీపిని శిశువు పుట్టుకతోనే కోరుతుంది. ఉప్పు పట్ల సుమారు నాలుగు నెలలదాకా ఉదాసీనంగా ఉంటుంది. చేదును చూసి పుట్టిన గంటల్లోనే నోరు తెరిచి నాలుక బయటపెడుతుంది. ఈ ముఖకవళికలను 1970 దశకంలో జెరూసలేంకు చెందిన జాకబ్ స్టైనర్ వివరంగా నమోదు చేశాడు. ప్రకృతిలో విషపదార్థాలు ఎక్కువగా చేదుగా ఉంటాయి గనుక ఇది శరీరం పెట్టుకున్న కాపలా అని శాస్త్రజ్ఞుల వివరణ. అరటిపండు పాఠం ఎందుకు లేదో ఇప్పుడు స్పష్టం: తీపిని ఎవరూ నేర్పనక్కరలేదు. అయినా అన్నప్రాసన నాడు వెండి గిన్నెలో పెట్టేది పరమాన్నమే. పుట్టుకతో వచ్చిన విద్యకు మళ్లీ అక్షరాభ్యాసం చేయడం ఎందుకో శాస్త్రకారులు చెప్పలేదు. శుభకార్యంలో చేదు పనికిరాదంటే, ఏడాది మొదటి రోజున వేపపువ్వు తినే జాతికి ఆ మాట పూర్తిగా నప్పదు. పైగా పాలు మాన్పించవలసి వచ్చినప్పుడు రొమ్ముకు వేపాకు నూరి రాసే పద్ధతి మన పల్లెల్లో తెలిసినదే. అంటే చేదును బిడ్డకు మొదటిసారి పరిచయం చేసేది శిక్షగానే, ఆ తరువాత కొన్నాళ్లకు అదే చేదును వేపుడుగా ప్రేమించమంటారు.

చేదు నేర్చుకోలేనిది కాదు. ఆవుపాలు పడని పిల్లల కోసం, ప్రొటీన్లను ముందుగానే విడగొట్టి తయారుచేసే ఒక రకం డబ్బాపాలు పెద్దవారు నోట పెట్టలేనంత చేదుగా, పులుపుగా ఉంటాయి. నాలుగు నెలలు రాకముందే వాటిని మొదలుపెట్టిన పిల్లలు హాయిగా తాగుతారు, ఏడెనిమిది నెలలకు తొలిసారి ఇస్తే ముట్టరు. వయసుకు ఇంత బలం ఉంది. అయితే దీనిని సాకుగా తీసుకుని ఆరు నెలలలోపే కాకరరసం పట్టమని ఈ టీక చెప్పడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమం ప్రకారం ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలే. ఏడాదిలోపు తేనె నాకించడమూ బాట్యులిజం అనే విషదోషం భయం వల్ల నిషిద్ధమే.

"పడదు" అన్న పదానికి అరుచి అనే అర్థం పైన చెప్పాం. ఒంటికి దద్దుర్లు వచ్చినా, ఊపిరి ఇబ్బంది అయినా అది వేరే అర్థం, దానికి వైద్యుడే వ్యాఖ్యాత.

"రెండుసార్లు" అన్నది ఈ వాక్యానికి ప్రాణం, దోషం కూడా. 2007లోనే వెలువడిన ఐరోపా అధ్యయనమొకటి 49 మంది తల్లులను, వారి ఏడు నెలల బిడ్డ తినని, ఇక పెట్టదలచుకోని కూర పేరు చెప్పమని అడిగి, ఆ కూరనే మెత్తగా చేసి రోజు విడిచి రోజు మొత్తం ఎనిమిదిసార్లు పెట్టమంది. ఎనిమిదోసారికి పదిమందిలో ఏడుగురికిపైగా పిల్లలు ఆ కూరను, ఇష్టమైన క్యారెట్‌తో సమానంగా తిన్నారు. తొమ్మిది నెలల తరువాత కూడా నూటికి 63 మంది దానిని ఇష్టంగానే తింటున్నారు. దీనికి బెల్లం కలపనక్కరలేదు; తీపి కలిపిన కూరకూ కలపని కూరకూ పోల్చి చూసిన అధ్యయనాల్లో ఉత్త కూరను పదేపదే పెట్టడమే చాలునని తేలింది. కాకరకాయ పులుసులో బెల్లం పెద్దల సుఖం కోసమని భావించాలి. రెండుసార్లతో వదిలేసిన ఇంటికీ ఎనిమిదిసార్లు పెట్టిన ఇంటికీ తేడా బిడ్డలో లేదు, పెట్టేవారి ఓపికలో ఉంది. అయితే ఉద్యోగానికి వేళవుతుండగా ఒక్కో చెంచా నేలపాలవుతుంటే ఎనిమిది చిన్న సంఖ్య కాదని ఆ తల్లి తరఫున ఒప్పుకోవాలి. ఇంట్లో మిగిలిన నలుగురు చూడటం మానేసి చెంచా పట్టుకుంటే లెక్క తేలికవుతుంది.

"ఉమ్మేస్తాడు" అనే క్రియలో రెండు వ్యాపారాలు కలిసిపోయాయి. మొదటిది, నోటికి వచ్చిన గట్టి పదార్థాన్ని నాలుక తనంతట తాను ముందుకు నెట్టే సహజ ప్రతిక్రియ, నాలుగు నుంచి ఆరు నెలల మధ్య నెమ్మదిగా తగ్గుతుంది గానీ కొందరిలో ఇంకొంత కాలం నిలుస్తుంది. దానిలో అభిప్రాయమేమీ లేదు. రెండవది ముఖం చిట్లించడం. పైన చెప్పిన బీన్స్ అధ్యయనంలోనే ఎనిమిది రోజులు పెట్టాక పిల్లలు ఎక్కువ తిన్నారు, కానీ ముఖం చిట్లించడం మానలేదు. ముఖం ఒక మాట చెబుతుంటే నోరు మరో పని చేస్తోంది. పాకశాస్త్ర ప్రమాణం నోరే గనుక చెంచా కోసం వాడు మళ్లీ ముందుకు వంగుతున్నాడా అన్నదే చూడాలి. వయసుతోపాటు మెత్తదనమూ తగ్గించాలి: ఇంగ్లండులోని ఏవన్ ప్రాంతంలో వేలాది పిల్లలను ఏళ్లతరబడి గమనించిన అధ్యయనంలో, తొమ్మిది, పది నెలలు దాటేదాకా పలుకులున్న ఆహారం ఎరగని పిల్లలు ఏడేళ్ల వయసులో కూరగాయలు తక్కువగా తిన్నారు. మిక్సీకి ఏడాది పొడవునా పని చెప్పే ఇళ్లకు ఇది గమనార్హం.

పెట్టడం ఎవరి పని, తినడం ఎవరి పని అనే చర్చా ఇక్కడిదే. 1920 దశకం చివర అమెరికాలో క్లారా డేవిస్ అనే వైద్యురాలు పాలు మానిన పసివాళ్ల ముందు వేర్వేరు గిన్నెల్లో పదార్థాలు పెట్టి, వాళ్లు చూపినదే అందించాలి తప్ప ఆయాలు ఏదీ బలవంతపెట్టరాదని నియమించింది. మొత్తం 15 మంది పిల్లలు, 34 పదార్థాలు, వాటిలో చక్కెర లేదు. పిల్లలు ఎవరి వరస వారిదిగా తిన్నా బాగానే పెరిగారు, అయితే ఆ కిటుకు పదార్థాల జాబితాలోనే ఉందని ఆమే అంగీకరించింది. అన్నప్రాసన నాడు పుస్తకం, కలం, బంగారం, కత్తి ముందు పెట్టి, బిడ్డ పాకుతూ వెళ్లి పట్టుకున్నదే భవిష్యత్తని మురిసే మనవారు వృత్తి ఎంపికలో ఇచ్చిన స్వేచ్ఛను కూర ఎంపికలో ఇవ్వకపోవడం విచారించదగినది. నల్లగొండ జిల్లాలో 60 గ్రామాలను మూడు బృందాలుగా చేసి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు జరిపిన, 2013లో వెలువడిన అధ్యయనంలో, ఏమి పెట్టాలో చెప్పిన ఊళ్లలోనూ పిల్లల ఆహారం మెరుగైంది. బిడ్డ సంకేతాలు గమనిస్తూ ఆడిస్తూ ఎలా పెట్టాలో కూడా చెప్పిన ఊళ్లలో మానసిక వికాసమూ మెరుగైంది.

ఇక "వాళ్ల నాన్న పోలిక". ఇది నింద అయినా నిరాధారం కాదు. కొత్త ఆహారాన్ని చూసి వెనుకాడే స్వభావం గురించి బ్రిటన్‌లో 8 నుంచి 11 ఏళ్ల కవలల మీద 2007లో ప్రకటించిన లెక్క ప్రకారం, పిల్లల మధ్య కనిపించే తేడాలలో 78 శాతం వారసత్వానికి చెందుతుంది. 1931లో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలలో ఒక పొడి గాలిలోకి ఎగిరినప్పుడు తోటివాడు చేదని గోల పెట్టాడు, ఫాక్స్‌కు ఏ రుచీ తెలియలేదు. ఆ భేదానికి కారణమైన జన్యువును తరువాతి కాలంలో గుర్తించారు. అయితే అది పట్టించే చేదు క్యాబేజీ, ఆవ జాతిది. కాకరచేదు వేరే వంశం, కనుక ఆ జన్యువును ఈ వ్యాజ్యంలో సాక్షిగా పిలవరాదు. ఎనిమిది నెలల పసివాడి మొదటి చెంచాలకు పెద్ద పిల్లల లెక్కను అన్వయించడమూ తొందరే.

ఈ చరణానికి పాఠాంతరం ఉంది. నాయనమ్మ పలికినప్పుడు "అంతా వాళ్ల అమ్మ పోలిక" అని వినిపిస్తుంది. రెండు పాఠాల్లో ఏది గ్రాహ్యమని పండితులు వాదులాడవచ్చు గానీ, రక్తంతో నడిచే వారసత్వం పక్కనే వంటింటి గుండా నడిచే వారసత్వం ఒకటుందని ఇద్దరూ మరచిపోయారు. నాన్న కాకరకాయ తినడు; తినడు గనుక ఆయన పెళ్లయిన నాటి నుంచి ఆ ఇంట్లో అది అరుదుగా వండుతారు; వండరు గనుక తల్లి కడుపుతో ఉన్నప్పుడూ తినలేదు, బాలింతగా ఉన్నప్పుడు పథ్యం తిననివ్వలేదు; అందుచేత ఉమ్మనీటిలోనూ పాలలోనూ ఎదురుపడని వస్తువు ఎనిమిదో నెలలో ఒక మంగళవారం మధ్యాహ్నం ఏ పరిచయమూ లేకుండా బిడ్డ నోటికి వచ్చింది, వాడు ఎరగని మనిషిని చూసినట్టు మొహం తిప్పుకున్నాడు. ఇది నాన్న పోలికే, సందేహం లేదు. అది సంక్రమించింది మాత్రం ముక్కూ చెవులూ వచ్చిన దారిన కాదు, కూరగాయల సంచి వచ్చిన దారిన.

తాత్పర్యం

ఆ సాయంత్రం కాకరకాయ ఫ్రిజ్‌లోకి వెళ్లింది, బంగాళాదుంప పొయ్యి మీదికి ఎక్కింది.